రక్తనాళాల ఎదుగుదలలో ఈసీఎం ప్రోటీన్లు: ఏది ముఖ్యమో కాదు, ఏది ఎప్పుడు ముఖ్యమో చూడండి

మీరు మూడు విషయాలు అడిగారు. రక్తనాళాలు ఏర్పడేటప్పుడు ఈసీఎం, అంటే కణాల బయట ఉండే ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్, నిజంగా ఏం చేస్తుంది? అందులోని ప్రోటీన్లలో అన్నిటికంటే ముఖ్యమైనది ఏది? ఎంఎస్సీ ప్రాజెక్టుకి మ్యాట్రిజెల్ అనే జెల్ మీద ట్యూబ్ అస్సే, అంటే కణాలు నాళాల్లాంటి వల కడతాయో లేదో చూసే పరీక్ష, ఒక్కటి చేస్తే సరిపోతుందా? మీ టెక్స్ట్‌బుక్‌లో దీనికి ఒకే ఒక్క పేరా ఉందనీ, తీగకి పందిరి ఎలాగో రక్తనాళానికి ఈసీఎం అలాగని మీ మేడమ్ చెప్పారనీ కూడా రాశారు.

మొదటి రోజు క్లాసుకి ఆ పోలిక బాగానే ఉంటుంది. కానీ పందిరి తీగని మోస్తుందంతే. ఎటు పాకాలో, ఎక్కడ చీలాలో, ఎప్పుడు ఆగాలో తీగకి చెప్పదు. ఈసీఎం ఈ మూడూ చెబుతుంది. పైగా అది ఎప్పుడూ ఒకేలా ఉండదు. పిండంలో ఒక రోజున ఉన్న మ్యాట్రిక్స్ నాలుగు రోజుల తర్వాత ఉండదు. అందుకే మీ రెండో ప్రశ్నకి ఒక ప్రోటీన్ పేరు చెప్పి ఊరుకోలేను. మనుషుల్లో అసలైన మ్యాట్రిక్స్ ప్రోటీన్లు సుమారు 300 ఉంటాయి. వాటిలో రక్తనాళానికి పనికొచ్చేవే చాలా ఉన్నాయి.

నా విద్యార్థులకు ఒక పని చెబుతుంటాను. ఒక్కొక్క ప్రోటీన్ జీన్ తీసేసిన నాకౌట్ ఎలుకలు ఏ రోజున చనిపోతాయో ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. ఎలుక గర్భం దాదాపు 19, 20 రోజులు. ఎనిమిదో రోజు దాటాక గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, ఆ వెంటనే రక్తం పారడం, ఆపైన ఒత్తిడి పెరగడం. ఈ క్రమం పక్కన ఆ చావు తేదీలు పెట్టి చూస్తే ఏ ప్రోటీన్ అవసరం ఏ దశలో పడుతుందో దానంతట అదే కనిపిస్తుంది.

వరసలో ముందు వచ్చేది ఫైబ్రోనెక్టిన్. ఎంఐటీలో రిచర్డ్ హైన్స్ బృందం 1993లో ఈ జీన్ తీసేసిన ఎలుకల గురించి ప్రచురించింది. ఎనిమిదో రోజుకే వాటిలో లోపాలు బయటపడ్డాయి. మీసోడెర్మ్ (గుండె, నాళాలు పుట్టే పిండపు మధ్య పొర) సరిగా ఏర్పడలేదు, గుండె, నాళాలు దెబ్బతిన్నాయి, పిండాలు త్వరలోనే చనిపోయాయి. ఎలుకల జాతిని బట్టి తీవ్రత మారింది. కొన్నిటిలో గుండె గొట్టమే కట్టుకోలేదు, కొన్నిటిలో గుండె కొంతవరకు ఏర్పడినా నాళాలు నిలవలేదు. ఫైబ్రోనెక్టిన్‌ని పట్టుకునే ప్రధాన రిసెప్టర్ ఆల్ఫా5 బీటా1 ఇంటిగ్రిన్. ఇంటిగ్రిన్లంటే కణం మ్యాట్రిక్స్‌ని పట్టుకోవడానికి వాడే ప్రోటీన్లు. అదే ఏడాది ఆ ఆల్ఫా5 తీసేసినప్పుడు కూడా పిండాలు పోయాయి, కానీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. ఆల్ఫా5 లేనప్పుడు వేరే ఇంటిగ్రిన్లు కొంతవరకు ఆ పని చూసుకుంటాయి. ప్రోటీనే లేకపోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంత ముందుగా ఫైబ్రోనెక్టిన్ ఎందుకు? ఆ దశలో కణాలు ఇంకా కదులుతున్నాయి. మీసోడెర్మ్ నుంచి వచ్చిన ఆంజియోబ్లాస్టులు, అంటే నాళాల కణాలుగా మారబోయే కణాలు, ఒకచోట చేరి మొదటి వల కట్టుకోవాలి. దీన్నే వాస్కులోజెనిసిస్ అంటారు. కదిలే కణానికి కాస్త పట్టు దొరికి, మళ్లీ వదిలేయగలిగే నేల కావాలి. ఫైబ్రోనెక్టిన్ అలాంటిదే. ఇంకో చిత్రం ఏమిటంటే అది తనంతట తాను పోగులుగా మారదు. కణం ఇంటిగ్రిన్‌తో పట్టుకుని లాగితేనే దాని మడతలు విప్పుకుని, లోపల దాగిన చోట్లు బయటపడి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే నేలని వేసుకునేది కూడా ఆ నేల మీద నడిచే కణాలే. డ్రోసోఫిలా ఈగలో లామినిన్ ఉంది, కొలాజెన్ 4 ఉంది, ఫైబ్రోనెక్టిన్ లేదు. దానికి ఎండోథీలియం, అంటే నాళం లోపలి కణాల పొర, పరిచిన రక్తనాళాలూ లేవు. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను. దీంతోనే నిరూపణ అయిపోయిందని మాత్రం పరీక్షలో రాయకండి.

ఫైబ్రోనెక్టిన్‌లో ఈడీఏ, ఈడీబీ అనే రెండు అదనపు ముక్కలుంటాయి. ఎదుగుతున్న నాళాల చుట్టూ ఇవి ఉన్న రకం కనిపిస్తుంది, పెద్దయ్యాక నిలకడగా ఉన్న నాళాల్లో దాదాపు మాయమవుతుంది. ట్యూమర్లో కొత్త నాళాలు మొలిచేటప్పుడు మళ్లీ వస్తుంది. ఈడీబీని పట్టుకునే ఎల్19 అనే యాంటీబాడీని క్యాన్సర్ పరిశోధనలో వాడుతున్నది అందుకే. ఒక్కొక్క ముక్క తీసేసిన ఎలుకలు బతికాయి. రెండూ కలిపి తీసేస్తే నాళాల లోపాలతో గర్భంలోనే చాలా వరకు పోయాయి.

తర్వాత వచ్చేది బేస్‌మెంట్ మెంబ్రేన్. ఎండోథీలియల్ కణాల వెలుపలి వైపు పరుచుకునే పల్చటి పొర ఇది. లామినిన్, కొలాజెన్ 4, నిడోజెన్, పెర్లెకాన్ ఇందులో ముఖ్యమైనవి. కొలాజెన్ 4 తాలూకు ఆల్ఫా1, ఆల్ఫా2 గొలుసులు రెండూ లేని ఎలుకల్లో ఏం జరిగిందో చూడండి. తొమ్మిదో రోజు దాకా పొర మామూలుగానే కట్టుకుంది. లామినిన్ వచ్చి తన చోటులో కూర్చుంది. 10.5 నుంచి 11.5 రోజుల మధ్య పిండాలు చనిపోయాయి. పొర కట్టడానికి లామినిన్ చాలు, ఒత్తిడిని తట్టుకుని నిలవడానికి కొలాజెన్ 4 కావాలి. రక్తం పారడం మొదలై ఒత్తిడి పెరిగే సమయానికి సరిగ్గా దాని అవసరం పడింది. లామినిన్ గామా1 తీసేస్తే బేస్‌మెంట్ మెంబ్రేన్ అన్నదే ఏర్పడక 5.5 రోజులకే పిండం పోతుంది. అప్పటికి నాళాలే మొదలవవు కనుక ఆ ఎలుక మీ ప్రశ్నకి జవాబివ్వదు.

ఇక కొలాజెన్ 1. బేస్‌మెంట్ మెంబ్రేన్‌లో ఉండేది కాదు, దాని బయట ఉండే మోటు పోగుల కొలాజెన్. ఇది లేని ఎలుక పిండాలు 12 నుంచి 14 రోజుల మధ్య నాళాలు పగిలి చనిపోతాయని 1984లోనే తెలిసింది. నాళాలు ఏర్పడ్డాయి, కొమ్మలు వేశాయి. ఒత్తిడి ఆ స్థాయికి చేరాక తెగాయి. లామినిన్ ఆల్ఫా4 లేని పిల్లలైతే పుట్టేదాకా వచ్చి, పుట్టగానే చర్మం కింద, కండరాల్లో రక్తస్రావంతో కనిపిస్తాయి. ఆ దశ దాటినవి చాలా వరకు పెరుగుతాయి. చిన్న నాళాల్లో ఆల్ఫా5 ఉన్న లామినిన్ పుట్టాకే బాగా వచ్చి చేరుతుంది. ఆ రెండు లామినిన్ల రాకల మధ్య ఉన్న ఖాళీలోనే ఈ పిల్లలు దెబ్బతింటున్నాయన్నది నా ఊహ.

మనుషుల్లో దీనికి సూటిగా సరిపోయే ఉదాహరణ కొలాజెన్ 4 ఆల్ఫా1 జీన్ మ్యుటేషన్లు. 2005, 2006లలో డగ్లస్ గౌల్డ్, సైమన్ జాన్ బృందం దీన్ని ఎలుకల్లోనూ కుటుంబాల్లోనూ చూపించింది. పసిపిల్లల మెదడులో రక్తస్రావమై గుంటలు పడే పోరెన్‌సెఫలీ, పెద్దవాళ్లలో చిన్న వయసులోనే మెదడులో రక్తస్రావం, రెండూ ఈ ఒక్క జీన్ నుంచే రావచ్చు. మ్యుటేషన్ ఉన్న ఎలుక పిల్లలను మామూలు కాన్పుకి బదులు ఆపరేషన్ చేసి తీస్తే మెదడులో రక్తస్రావం చాలా తగ్గింది. నాళం బలహీనంగానే ఉంది, కాన్పు ఒత్తిడి తప్పింది, అంతే. ఇలాంటి కుటుంబాల్లో కాన్పు గురించి డాక్టర్లు ముందే ఆలోచించడానికి ఆధారం ఇదే.

ఈ జీన్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక కాపీ పూర్తిగా పోయిన ఎలుకలు దాదాపు మామూలుగానే బతికి, పిల్లల్ని కంటాయి. ఒక కాపీలో ఒక్క గ్లైసిన్ మారితే మాత్రం జబ్బు వస్తుంది. కొలాజెన్ మూడు గొలుసుల పేట. అందులో ఒక్క గొలుసు పాడైనా మొత్తం పేట పాడవుతుంది, లేదా కణం లోపలే ఇరుక్కుపోతుంది. అంటే తక్కువ సరుకు కన్నా చెడ్డ సరుకు ఎక్కువ హాని చేస్తుంది. సెమినార్‌లో ఈ విషయం చెప్పండి, ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

ఇప్పుడు వీఈజీఎఫ్, అంటే నాళాలని పెరగమని చెప్పే సంకేత ప్రోటీన్, సంగతి. టెక్స్ట్‌బుక్‌లో అదే హీరో, ఈసీఎం వెనక నిలబడే గుంపు. నిజానికి వీఈజీఎఫ్ ఏం చేస్తుందన్నది అది మ్యాట్రిక్స్‌కి ఎంత గట్టిగా అతుక్కుందన్న దాని మీదే ఆధారపడి ఉంది. ఎలుకల్లో దాని రకాలు ముఖ్యంగా మూడు: 120, 164, 188. 120కి మ్యాట్రిక్స్‌లోని హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసుని పట్టుకునే భాగం లేదు, స్రవించిన చోటు నుంచి దూరంగా వెళ్లిపోతుంది. 188 మ్యాట్రిక్స్‌కి గట్టిగా అతుక్కుంటుంది. 164 మధ్యరకం. 120 మాత్రమే ఉన్న ఎలుకల్లో నాళాలు లావుగా, కొమ్మలు తక్కువగా వచ్చాయి. 188 మాత్రమే ఉన్నవాటిలో సన్నగా, లెక్కకు మించిన కొమ్మలతో వచ్చాయి. మోతాదు ఒకటే. ఎక్కడ నిలిచింది అన్నదే తేడా. మొలక చివర ఉండే టిప్ సెల్ తన ఫిలోపోడియాతో, అంటే సన్నటి వేళ్లలాంటి భాగాలతో, వెతికేది ఈ అతుక్కున్న వీఈజీఎఫ్ జాడనే. 2003లో హోల్గర్ గెర్హార్డ్, క్రిస్టర్ బెట్‌షోల్ట్స్ తదితరులు పుట్టిన ఎలుక పిల్లల రెటీనాలో దీన్ని అందంగా చూపించారు. రెటీనాలో నాళాల కన్నా ముందు ఆస్ట్రోసైట్లు అనే నాడీ సహాయక కణాలు పరుచుకుని, ఫైబ్రోనెక్టిన్ వేసి, దాని వెంట దారి చూపిస్తాయి. మనిషి బిడ్డలో ఈ ప్రయాణం ఆప్టిక్ నెర్వ్ దగ్గర మొదలై నెలలు నిండే దాకా సాగుతుంది. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ కంటి నాళాలు సగం దారిలో ఆగిపోయి ఉండటం అందుకే. మన దేశంలో 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా ఆర్‌ఓపీ (నెలలు నిండని బిడ్డల రెటీనా జబ్బు) పరీక్ష చేయించాలని చెప్పేది కూడా అందుకే. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఈ పరీక్షని వాయిదా వేయకండి.

పీడీజీఎఫ్-బీ అనే ఇంకో సంకేత ప్రోటీన్ కథ కూడా ఇలాంటిదే. ఎండోథీలియల్ కణం వదిలిన పీడీజీఎఫ్-బీ పక్కనే ఉన్న హెపరాన్ సల్ఫేట్‌కి అతుక్కుని ఉండాలి. అతుక్కునే భాగం కత్తిరిస్తే, నాళాన్ని బయట నుంచి చుట్టుకునే పెరిసైట్ కణాలు దాన్ని గట్టిగా హత్తుకోకుండా దూరంగా వేలాడతాయి. పెరిసైట్ వచ్చి నాళాన్ని తాకాకే బేస్‌మెంట్ మెంబ్రేన్ పూర్తిగా కట్టుకుంటుందని జార్జ్ డేవిస్ ల్యాబ్ 2009లో చూపించింది. అది కట్టుకున్నాక నాళం ఇక మొలకలు వేయదు. ఆగమని చెప్పేది లామినిన్, కొలాజెన్ 4 ఉన్న పొర. పొర కరిగి కింద ఉన్న కొలాజెన్ 1, ఫైబ్రిన్ కణానికి తగిలితే మళ్లీ మొలకెత్తమన్నట్టు. గాయం మానేటప్పుడు జరిగేది ఇదే. ఎంఎంపీ ఎంజైములు, అందులోనూ ఎంటీ1-ఎంఎంపీ, ఆ పొరని కరిగిస్తాయి.

కరిగిన ముక్కలు కూడా ఊరికే ఉండవు. కొలాజెన్ 18 చివరి ముక్క ఎండోస్టాటిన్. 1997లో జూడా ఫోక్‌మన్ ల్యాబ్‌లో మైకేల్ ఓరైలీ దాన్ని బయటపెట్టారు, కొత్త నాళాలను అడ్డుకుంటుందని చూపించారు. అప్పట్లో పత్రికల్లో క్యాన్సర్ అంతమైపోయినట్టే రాశారు. అంత జరగలేదు. ఎండోస్టాటిన్ మార్పుచేసిన రూపం ఒకటి చైనాలో 2005లో అనుమతి పొందింది, మిగతా చోట్ల పెద్దగా నిలవలేదు. కొలాజెన్ 18 జీన్ లోపం ఉన్న మనుషులకు వచ్చేది క్నోబ్లాక్ సిండ్రోమ్, అందులో ముఖ్యంగా దెబ్బతినేది కళ్లు.

ఇంటిగ్రిన్ల విషయంలో జాగ్రత్తగా చదవండి. 1994లో ఆల్ఫావీ బీటా3ని అడ్డుకుంటే కొత్త నాళాలు ఆగుతాయని డేవిడ్ చెరెష్ బృందం చూపించింది. తర్వాత 2002లో బీటా3 జీన్ తీసేసిన ఎలుకల్లో ట్యూమర్ నాళాలు తగ్గకపోగా పెరిగాయి. అడ్డుకోవడం, అసలే లేకపోవడం ఒకటి కాదని తేలింది. ఇదే రిసెప్టర్లని లక్ష్యంగా పెట్టుకున్న సిలెంజిటైడ్ అనే మందు గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ మీద జరిగిన మూడో దశ ట్రయల్లో ఫెయిలైంది. ఆల్ఫావీ మొత్తం లేని ఎలుకల్లో చాలా భాగం గర్భంలోనే పోయినా, కొన్ని పుట్టేదాకా వచ్చాయి. శరీరంలో నాళాలు బాగానే కట్టుకున్నాయి, మెదడులో మాత్రం రక్తస్రావం జరిగింది. పాత రివ్యూల్లో ఆల్ఫావీ బీటా3 లేకుండా నాళమే లేదన్నట్టు రాసిన వాక్యాలు కనిపిస్తే వాటిని కాపీ చేయకండి.

ఎలాస్టిన్ దగ్గర కాస్త ఆగుతాను. నాకు అన్నిటికంటే ఆసక్తి దీని మీదే, మీ టెక్స్ట్‌బుక్ పూర్తిగా వదిలేసింది కూడా దీన్నే అనుకుంటున్నాను.

చావు తేదీల కాగితంలో ఎలాస్టిన్ చివర వస్తుంది. ఎలాస్టిన్ లేని ఎలుక పిల్లలు సజీవంగా పుట్టి, నాలుగైదు రోజుల్లో చనిపోతాయి. సాగే గుణం పోయింది కనుక ధమని పగిలి పోతాయని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. 1998లో డీన్ లీ, మార్క్ కీటింగ్ బృందం చూసింది దానికి వ్యతిరేకం: ధమని లోపల నునుపు కండర కణాలు విపరీతంగా పెరిగి దారి మూసుకుపోయింది. ఎండోథీలియం దెబ్బతినలేదు, వాపు లేదు, కొలెస్టరాల్ లేదు. ఆ ధమనులను విడిగా తీసి డిష్‌లో పెంచి, రక్తపు ఒత్తిడి అసలే లేకుండా చేసినా కణాలు అలాగే పెరిగాయి. అంటే ఎలాస్టిన్ రబ్బరు పని మాత్రమే చేయడం లేదు. కండర కణాలకి ఇక చాలు, విభజన ఆపండి అని చెప్పే పని కూడా దానిదే. పందిరి పోలిక పూర్తిగా విఫలమయ్యేది ఇక్కడే.

మనుషుల్లో ఎలాస్టిన్ జీన్ ఒక కాపీ దెబ్బతింటే బృహద్ధమని మొదట్లో, కవాటానికి కొంచెం పైన, ఇరుకవుతుంది. సుప్రావాల్వులర్ అయోర్టిక్ స్టెనోసిస్ అంటారు. 7వ క్రోమోజోమ్‌లో ఈ జీన్‌తో పాటు పక్కనున్న పాతికకు పైగా జీన్లు పోతే విలియమ్స్ సిండ్రోమ్. ఆ పిల్లల మాటకారితనం, కలుపుగోలుతనం గురించి చదివే ఉంటారు. వాళ్ల గుండె సమస్యకి మాత్రం కారణం ఈ ఒక్క ఎలాస్టిన్ జీనే.

ఒక కాపీ మాత్రమే ఉంటే శరీరం ఎలా సర్దుకుంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1967లో హార్వీ వోలిన్‌స్కీ, సేమౌర్ గ్లాగోవ్ ఎలుక నుంచి పంది దాకా రకరకాల జంతువుల బృహద్ధమనులను కొలిచారు. ధమని గోడ ఎలాస్టిన్ పొర, కండర పొర, ఎలాస్టిన్ పొర అన్న వరసలో ఉంటుంది. ఈ ఒక్కొక్క జతని లామెల్లార్ యూనిట్ అన్నారు. జంతువు ఎంత పెద్దదైతే యూనిట్లు అన్ని ఎక్కువ, కానీ ఒక్కో యూనిట్ మోసే బిగువు అన్నిటిలోనూ దాదాపు ఒకటే. ఎలుకకి కొన్ని మాత్రమే, మనిషి ఛాతీలోని బృహద్ధమనికి 50 పైన. ఎలాస్టిన్ సగమే ఉన్న ఎలుకల్లో ఒక్కో పొర పల్చబడింది, కానీ పొరల సంఖ్య సుమారు 35 శాతం పెరిగింది. గర్భంలోనే, ఎదిగే క్రమంలోనే ఈ సర్దుబాటు జరుగుతుంది. ఒక్కో పొర ఇంత బిగువే మోయాలి అన్న లెక్క కణాలకి ఎలా తెలుస్తుందన్నది ఇప్పటికీ మంచి పరిశోధనాంశం. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే గుర్తుపెట్టుకోండి.

ఎలాస్టిన్ కట్టుకోవడం కూడా సులువైన పని కాదు. కణం ట్రోపోఎలాస్టిన్‌ని వదులుతుంది. అది చిన్న గుండ్రటి ముద్దలుగా చేరుతుంది. ఫిబ్రిలిన్-1తో చేసిన సన్నటి పోగుల మీద కూర్చుంటుంది. ఫిబులిన్-4, ఫిబులిన్-5 దాన్ని సరైన చోట పెడతాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ రాగి సాయంతో వాటిని శాశ్వతంగా ముడివేస్తుంది. ఇందులో ఏ మెట్టు తప్పినా ధమని చెడుతుంది. రాగిని శరీరం సరిగా వాడుకోలేని మెంకెస్ జబ్బులో ధమనులు వంకరలు తిరుగుతాయి. స్వీట్ పీ అనే పూల మొక్క గింజల్లో ఉండే బీఏపీఎన్ అనే పదార్థం లైసిల్ ఆక్సిడేజ్‌ని ఆపేస్తుంది. అది పెట్టిన జంతువుల బృహద్ధమని పగులుతుంది. దీని పేరు లాథిరిజం కాబట్టి మనకి తెలిసిన ఖేసరి పప్పు జబ్బుతో కలిపేస్తుంటారు. ఖేసరి పప్పులో ఉన్నది వేరే పదార్థం, అది నరాల మీద పనిచేసి కాళ్లు పడిపోయేలా చేస్తుంది. పేరు ఒకటే, జబ్బులు వేరు.

ఫిబులిన్-4 విషయంలో మన పొరుగున కేరళ నుంచి వచ్చిన ముఖ్యమైన పరిశోధన ఉంది. అక్కడి డాక్టర్లు 2012లో 22 మంది శిశువుల గురించి ప్రచురించారు. జీన్ పరీక్ష చేసినవారిలో ఫిబులిన్-4 జీన్‌లో ఒకే మ్యుటేషన్. బృహద్ధమని, పెద్ద ధమనులు విపరీతంగా ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి. చాలామంది పసితనంలోనే చనిపోయారు. ఒకే మ్యుటేషన్ ఇంతమందిలో ఉందంటే ఎప్పుడో ఒకే పూర్వీకుల నుంచి వచ్చి ఉండాలి. మేనరికాలు ఉన్న మన కుటుంబాల్లో ఇలాంటి రెసెసివ్ జబ్బుల అవకాశం ఎక్కువ కాబట్టి, వరసగా పసిపిల్లలు గుండె సమస్యతో పోయిన ఇంట్లో జెనెటిక్ పరీక్ష చేయించడం మంచిది.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన మాట. ఎలాస్టిన్ తయారీ గర్భం రెండో సగంలోనూ పుట్టిన తొలినాళ్లలోనూ జోరుగా సాగి, ఆ తర్వాత దాదాపు ఆగిపోతుంది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ని ఆధారంగా చేసుకుని మనిషి ఊపిరితిత్తుల్లోని ఎలాస్టిన్ ఎంతకాలం ఉంటుందో 1991లో లెక్కగట్టారు. సగటున 74 ఏళ్లు. ఇప్పుడు మీ బృహద్ధమనిలో ఉన్న ఎలాస్టిన్‌లో చాలా భాగం మీరు నడక నేర్చుకునే నాటికే తయారై ఉంటుంది. తెగితే మళ్లీ సరైన పొరగా వేసుకునే ఏర్పాటు పెద్దవాళ్లలో లేదు. వయసుతో ధమనులు గట్టిపడటానికి ఇదొక ముఖ్య కారణం. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి పెద్దయ్యాక బీపీ ఎక్కువగా వస్తుందన్న పరిశీలనకి, గర్భంలో ఎలాస్టిన్ సరిగా పడకపోవడమే కారణం కావచ్చని 1997లో మార్టిన్, గ్రీన్‌వాల్డ్ ప్రతిపాదించారు. ఇది ప్రతిపాదనే, రుజువైన విషయంగా రాయకండి. తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుట్టే మన దేశంలో దీన్ని ఇంకా గట్టిగా పరీక్షించాల్సిందని నా అభిప్రాయం.

మార్ఫాన్ సిండ్రోమ్ గురించి క్లుప్తంగా. ఫిబ్రిలిన్-1 లోపం, సుమారు 5,000 మందిలో ఒకరికి. ఫిబ్రిలిన్ పోగులు టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌ని అదుపులో పెడతాయని, ఆ అదుపు తప్పడమే బృహద్ధమని ఉబ్బడానికి కారణమని హ్యారీ డీట్జ్ బృందం వాదించింది. 2006లో ఎలుకల్లో టీజీఎఫ్-బీటాని తగ్గించే లోసార్టాన్ అనే బీపీ మందు అద్భుతంగా పనిచేసింది. 2014లో 608 మంది పిల్లలు, యువకుల మీద అటెనొలాల్ అనే ఇంకో బీపీ మందుతో పోల్చి చూస్తే రెండిటి మధ్య తేడా కనిపించలేదు. ఎలుకలో అలా జరిగింది కాబట్టి మనిషిలోనూ అంతే అని రాసే ముందు ఈ ట్రయల్ గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. మ్యాట్రిజెల్ అంటే ఈహెచ్ఎస్ అనే ఎలుక ట్యూమర్ నుంచి తీసిన బేస్‌మెంట్ మెంబ్రేన్ సారం. అందులో ఎక్కువ ఉన్నది లామినిన్ 111. మీ హ్యూవెక్ కణాలు (బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలు) శరీరంలో ఉన్నప్పుడు కూర్చునేది లామినిన్ 411, 511 మీద. అంటే ఆ కణాలకి అలవాటు లేని నేల. అయినా నాలుగారు గంటల్లో వల కడతాయి, చూడటానికి బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఆ వల చాలాసార్లు లోపల బోలుగా ఉండదు. అక్కడ కణాల విభజన దాదాపు జరగదు కాబట్టి విభజనని ఆపే పదార్థం ప్రభావం అందులో తెలియదు. ఒక రోజు దాటితే తెగిపోతుంది. నాళాలు కట్టే కణాలు కాని ఫైబ్రోబ్లాస్టులు వేసినా కొంతవరకు వలలాంటిది కడతాయి. మీరు పరీక్షించే పదార్థం, ఉదాహరణకి ఒక మొక్క సారం, వలని చెడగొడితే అది కొత్త నాళాలను ఆపిందో, కణాలని చంపిందో మీకు తెలియదు. కాబట్టి ఆ అస్సే ఒక్కటే చాలదు. ఎంటీటీ లాంటి, కణాలు బతికున్నాయో లేదో చెప్పే వయబిలిటీ పరీక్ష పక్కన తప్పకుండా ఉండాలి, ఫైబ్రోబ్లాస్ట్ కంట్రోల్ కూడా. గ్రోత్ ఫ్యాక్టర్ తగ్గించిన రకం కొనండి, ప్రాజెక్టు మొత్తానికి ఒకే లాట్ తీసుకోండి. రాత్రంతా ఐస్ మీద నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో కరగనివ్వండి, టిప్స్ కూడా ముందే చల్లబరచండి. లేకపోతే పిపెట్‌లోనే గడ్డకడుతుంది, ఖరీదైన సరుకు పోతుంది.

మీ టాపిక్ ఈసీఎం కనుక దానికి తగ్గ పరీక్ష ఇంకొకటి చేర్చండి. ఒకే ప్యాసేజ్ హ్యూవెక్ కణాలని కొలాజెన్ 1, ఫైబ్రోనెక్టిన్, లామినిన్ 411 కోటింగ్ వేసిన ప్లేట్ల మీద వేసి, కణాల ఆకారం, కదలిక, అంటుకునే వేగం పోల్చండి. ఖర్చు తక్కువ, అడిగే ప్రశ్న స్పష్టం. కొలాజెన్ 1 మీద వేసినవి సాగి తాళ్లలా చేరడం, లామినిన్ మీద వేసినవి నిదానంగా ఉండటం మీ కళ్లతోనే చూడొచ్చు. 3డీ చేయగలిగితే హ్యూవెక్ పూసిన మైక్రోక్యారియర్ బీడ్స్‌ని ఫైబ్రిన్ జెల్‌లో పెట్టి, పైన ఫైబ్రోబ్లాస్టులు వేసే పద్ధతి మంచిది. అందులో నిజంగా బోలు మొలకలు వస్తాయి.

ల్యాబ్‌లో అంత సౌకర్యం లేకపోతే కోడిగుడ్డు క్యామ్ అస్సే, అంటే గుడ్డులో పిండం చుట్టూ ఉండే పొర మీద నాళాలను చూసే పరీక్ష, చేయండి. మన రెండు రాష్ట్రాల్లో హేచరీలకి కొదవ లేదు, ఫలదీకరణ చెందిన గుడ్లు అడిగితే దొరుకుతాయి. కిరాణా కొట్టు గుడ్లు పనికిరావు. 37.5 డిగ్రీల దగ్గర, తేమ సుమారు 60 శాతం ఉంచి, ఏడో ఎనిమిదో రోజున పెంకు మీద చిన్న కిటికీ తీసి, పరీక్షించే పదార్థం ఉన్న డిస్క్ పెట్టండి. ఖాళీ బఫర్ డిస్క్ పెట్టిన గుడ్లు తప్పకుండా ఉండాలి. ఏ డిస్క్ పెట్టినా, పెంకు పొడి పడినా చికాకు కలిగి నాళాలు అటు వంగుతాయి. కంట్రోల్ లేని క్యామ్ ఫొటో చూపిస్తే ఎగ్జామినర్ మొదట అడిగేది అదే. లెక్కపెట్టేవాళ్లకి ఏ గుడ్డు ఏ గ్రూపో తెలియకుండా నంబర్లు వేసి ఇవ్వండి, కొమ్మల లెక్కని ఇద్దరు విడివిడిగా చేయండి. గైడ్ ఒప్పుకుంటే పదో రోజు, పన్నెండో రోజు తీసిన పొరలని లామినిన్, ఫైబ్రోనెక్టిన్ యాంటీబాడీలతో స్టెయిన్ చేయండి. కొనే ముందు ఆ యాంటీబాడీ కోడి ప్రోటీన్‌ని గుర్తిస్తుందో లేదో డేటాషీట్‌లో చూడండి. ఎక్కువ భాగం మనిషికీ ఎలుకకీ పరీక్షించినవే అమ్ముతారు.